బోల్టు కంటే బెజ్జం పెద్దది!

మధురవాడ కూడలిలో బస్సు కోసం నిలబడినప్పుడు ఒకసారి చుట్టూ చూడండి. దుకాణాల మీద రంగురంగుల బోర్డులు కనిపిస్తాయి. వాటిలో చాలావాటి పలకలు రేకువి కావు, గాజువీ కావు. గాజులా తళతళ మెరుస్తాయి, కాని చేత్తో పట్టుకుంటే గాజంత బరువుండవు. బోర్డులు చేసేవాళ్లు ఆ పలకను 'అక్రిలిక్' అంటారు.

ఇంకొంచెం దగ్గరికి వెళ్లి, ఆ పలకను బిగించిన స్క్రూల చుట్టూ పరీక్షగా చూడండి. కొన్ని పాత బోర్డులలో స్క్రూ దగ్గర మొదలై అంచుదాకా పాకిన సన్నని పగులు కనిపిస్తుంది. ఎవరూ దాని మీద రాయి విసరలేదు. ఎవరూ గుద్దలేదు. మరి ఆ పగులు ఎలా వచ్చింది?

బోర్డు పగిలితే ఏముంది, కొత్తది పెట్టుకోవచ్చు. కాని అలాంటి పలకే గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ఎగిరే చిన్న విమానంలో పైలట్ ముఖానికి ఎదురుగా ఉంటే? అప్పుడు ఆ సన్నని పగులు ప్రాణం మీదికి వస్తుంది. అందుకే విమానాలు కట్టేవాళ్లు ఈ పగులు సంగతి క్షుణ్ణంగా ఆలోచించారు. వాళ్లు కనిపెట్టిన ఉపాయం వింటే మీకు నవ్వు రావచ్చు. బోల్టు కంటే బెజ్జం పెద్దదిగా చేయాలి, బోల్టును పూర్తిగా బిగించకూడదు! విమానంలో వదులు బోల్టులా అని ఆశ్చర్యపోతున్నారా? ఆ కథే ఇప్పుడు చెప్పుకుందాం.

ఇంటి దగ్గర విమానమా?

విమానాలంటే పెద్ద కర్మాగారాల్లోనే తయారవుతాయని మనం అనుకుంటాం. నిజానికి తొలి విమానాన్ని తయారుచేసిన రైట్ సోదరులది సైకిళ్ల దుకాణం. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. అమెరికాలో, యూరపులో వేలాదిమంది తమ ఇంటి షెడ్డులో, కారు నిలిపే గదిలో చిన్న విమానాలను కట్టుకుంటారు. వీరిలో ఉపాధ్యాయులు, డాక్టర్లు, మెకానిక్కులు, రైతులు కూడా ఉన్నారు. 1953లో పాల్ పోబరెజ్నీ అనే ఆయన అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఇలాంటివారికోసం ఒక సంఘం పెట్టాడు. 1970 నుంచి ఆ సంఘం ఆష్‌కాష్ అనే ఊళ్లో పెద్ద విమానాల జాతర నడుపుతోంది. ఇంటి విమానంగా నమోదు కావాలంటే అక్కడ ఒక నియమం ఉంది. విమానం కట్టే పనిలో సగానికి పైగా ఔత్సాహికులే సొంతంగా చేసి ఉండాలి. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజనీరు రూపొందించిన 'ఆర్.వి.' రకం ఇంటి విమానాలే పదివేలకు మించి గాలిలోకి ఎగిరాయి.

మన దేశంలో? ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ తమ భవనం డాబా మీదే ఆరుగురు కూర్చునే విమానం కట్టాడు. 2016లో దాన్ని ప్రదర్శనకు పెట్టాడు. 2017లో ప్రభుత్వం దానికి నమోదు సంఖ్య ఇచ్చింది. 

ఇలాంటి విమానాలలో పైలట్ ముందు గాలిని ఆపే వంపు అద్దాన్ని విండ్‌షీల్డ్ అంటారు. తల మీద గొడుగులా మూసుకునే పారదర్శకమైన కప్పును కానపీ అంటారు. ఈ రెండూ చాలా వాటిలో అక్రిలిక్‌తోనే చేస్తారు. రెక్కలు కట్టడం కంటే, ఇంజను అమర్చడం కంటే ఈ కప్పును బిగించే రోజునే ఎక్కువ భయపడ్డామని చెప్పేవాళ్లు వారిలో చాలామంది ఉంటారు. ఎందుకంటే రేకులో తప్పు బెజ్జం పడితే సరిచేసుకోవచ్చు. కానపీ పగిలితే అతికినా పూర్వపు బలం రాదు. కొత్తది కొనవలసిందే.

పూరీలా పొంగే పలక

అక్రిలిక్ అసలు పేరు పాలీ మిథైల్ మెథాక్రిలేట్. పేరు పొడుగే కాని విషయం తేలిక. మిథైల్ మెథాక్రిలేట్ అనే ద్రవంలోని చిన్న చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పొడవైన గొలుసులు అవుతాయి. అలాంటి లక్షల గొలుసులు చిక్కుపడితే గట్టి, పారదర్శకమైన పలక తయారవుతుంది. 1930ల మొదటి భాగంలో జర్మనీలో ఓటో రోమ్, ఇంగ్లండులో ఐ.సి.ఐ. సంస్థకు చెందిన రోలండ్ హిల్, జాన్ క్రాఫర్డ్ దీన్ని విడివిడిగా తయారుచేశారు. జర్మనీవారు ప్లెక్సీగ్లాస్ అన్నారు, ఇంగ్లండువారు పెర్‌స్పెక్స్ అన్నారు. 

గాజు సాంద్రత నీటికి సుమారు రెండున్నర రెట్లు. అక్రిలిక్ సాంద్రత 1.19 రెట్లు మాత్రమే. అంటే బరువు సగానికి తక్కువ. తన మీద పడిన వెలుగులో సుమారు 92 శాతాన్ని అవతలికి పంపుతుంది. ఇంకో గొప్ప గుణం ఉంది. దాదాపు 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే ఇది మెత్తబడటం మొదలుపెడుతుంది. 160 డిగ్రీల దగ్గర రబ్బరు గుడ్డలా సాగుతుంది. అప్పుడు దాని అంచులను గట్టిగా పట్టి, కింది నుంచి గాలి ఊదితే నూనెలో పూరీ పొంగినట్టు బుడగలా పొంగుతుంది. చల్లారాక ఆ రూపంలోనే ఉండిపోతుంది. లోపల, బయట ఏ అచ్చూ తగలలేదు కనుక బుడగ మీద గీతలుండవు. లోపలినుంచి చూస్తే బయటి ప్రపంచం వంకరలు పోదు. చాలా కానపీలను ఇలాగే చేస్తారు.

గాలి కూడా బరువే

కానపీని కదలకుండా పట్టుకోవలసిన అవసరం ఎంత ఉంది? మీకు తెలిసిన సూత్రంతోనే లెక్క వేద్దాం. ఎదురుగా వచ్చే గాలిని ఆపితే ఏర్పడే పీడనం = ½ × గాలి సాంద్రత × వేగం × వేగం. 

గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోగ్రాములు. గంటకు 300 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 83.3 మీటర్లు. గుణిస్తే చదరపు మీటరుకు దాదాపు 4,250 న్యూటన్లు వస్తుంది. అంటే చదరపు మీటరు మీద సుమారు 430 కిలోల బరువు పెట్టినట్టు. ఒక గేదె ఎక్కి నిలబడిందనుకోండి!

ఇంతటితో అయిపోలేదు. ముందున్న విండ్‌షీల్డును గాలి లోపలికి నెడుతుంది. కాని బుడగలా ఉబ్బిన కానపీ మీదుగా గాలి తొందరగా జారిపోతుంది. బెర్నౌలీ సూత్రం గుర్తుందా? వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. కనుక కానపీ నడినెత్తిని గాలి పైకి లాగుతుంది. ముందు నెట్టుడు, పైన లాగుడు. ఈ రెండింటికీ ఓర్చుకునేలా దాన్ని చట్రానికి పట్టి ఉంచాలి.

అలాగైతే గట్టిగా బిగించేస్తే సరిపోతుంది కదా అంటారా? అక్కడే ఉంది చిక్కు.

ఎండకు పెరుగుతుంది, చలికి తగ్గుతుంది

ఎన్.ఏ.డి. ఫ్లైఓవరు మీద బస్సు పోతున్నప్పుడు కొంత దూరానికొకసారి 'టక్ టక్' మని చప్పుడు వినిపిస్తుంది. వంతెన భాగాల మధ్య కావాలనే సందులు విడిచిపెడతారు. ఎండకు వ్యాకోచించడానికి చోటు లేకపోతే వంతెన దెబ్బతింటుంది. మీరు దైర్ఘ్య వ్యాకోచ గుణకం గురించి చదువుకునే ఉంటారు. ఒక మీటరు పొడవున్న కడ్డీ ఒక డిగ్రీ వేడెక్కితే ఎంత పెరుగుతుందో అది చెబుతుంది.

విశాఖ ఉక్కు అయితే డిగ్రీకి మీటరులో పది లక్షల వంతులలో 12 వంతులు... ఇలా చెబితే తికమకగా ఉంటుంది. తేలికగా చెప్పుకుందాం. మీటరు పొడవున్న మూడు కడ్డీలను ఒక్కొక్క డిగ్రీ వేడి చేశారనుకోండి. ఉక్కు కడ్డీ సుమారు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అల్యూమినియం 0.023 మి.మీ. పెరుగుతుంది. అక్రిలిక్ ఏకంగా 0.070 మి.మీ. పెరుగుతుంది! అల్యూమినియం కంటే మూడు రెట్లు, ఉక్కు కంటే దాదాపు ఆరు రెట్లు.

ఇప్పుడు మధురవాడలో మీ ఇంటి పక్క షెడ్డులో మీరూ, మీ మామయ్యా కలిసి ఒక విమానం కట్టారనుకుందాం. చట్రం అల్యూమినియం. కానపీ పొడవు ఒకటిన్నర మీటరు. మే నెల మధ్యాహ్నం బయట నిలిపి ఉంచితే ఎండకు కానపీ 60 డిగ్రీలకు చేరిందనుకోండి. ఎండలో పెట్టిన స్కూటరు సీటును ముట్టుకున్నవారికి ఇది ఆశ్చర్యం కాదు. తర్వాత విమానం 3 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కింది. కిలోమీటరుకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కనుక పైన 20 డిగ్రీల దాకా దిగవచ్చు. తేడా 40 డిగ్రీలు.

అక్రిలిక్ తగ్గిన పొడవు: 0.070 × 1.5 × 40 = 4.2 మి.మీ.
అల్యూమినియం తగ్గిన పొడవు: 0.023 × 1.5 × 40 = 1.4 మి.మీ. (సుమారుగా)
తేడా: 2.8 మి.మీ.

కానపీ ముడుచుకుపోదామంటుంది. చట్రం అంతగా ముడుచుకోదు. మధ్యలో బోల్టులు 'కదలడానికి వీల్లేదు' అంటాయి. అప్పుడు అక్రిలిక్ లోపల ప్రతిబలం పుడుతుంది. ప్రతిరోజూ ఎండకు పెరగడం, రాత్రి తగ్గడం, ఎగిరినప్పుడల్లా మళ్లీ తగ్గడం. ఇలా వందలసార్లు లాగులాట జరిగాక ఒకరోజు బోల్టు దగ్గర పగులు మొదలవుతుంది. మధురవాడ బోర్డులో మీరు చూసిన పగులుకూ కారణం ఇదే కావచ్చు.

షాంపూ పొట్లం చెప్పే పాఠం

పగులు బోల్టు దగ్గరే ఎందుకు మొదలవ్వాలి? పలక మధ్యలో ఎందుకు కాకూడదు? 

కిరాణా కొట్లో దొరికే చిన్న షాంపూ పొట్లాన్ని తీసుకోండి. నున్నగా ఉన్న అంచు దగ్గర చింపి చూడండి. వేళ్లు నొప్పి పుడతాయి కాని చిరగదు. అదే పొట్లానికి అంచున చిన్న గాటు ఉంటే సులభంగా చిరుగుతుంది. బలం అదే, చేయి అదే. తేడా అల్లా గాటు. గాటు కొన దగ్గర బలమంతా ఒక్కచోట పోగుపడుతుంది.

బెజ్జం కూడా అలాంటిదే. వెడల్పాటి పలకను రెండు వైపులా లాగితే, గుండ్రని బెజ్జం అంచు దగ్గర ప్రతిబలం మిగతా చోట కంటే మూడు రెట్లవుతుందని లెక్క. బెజ్జం అంచున చిన్న గరుకు, చిన్న గీత ఉంటే ఇంకా పెరుగుతుంది. ఇంగ్లండు ఇంజనీరు చార్లెస్ ఇంగ్లిస్ 1913లోనే ఈ విషయాన్ని గణితంతో చూపించాడు. ఆయన ఆలోచించింది ఓడల గురించి. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా హడావుడిగా కట్టిన లిబర్టీ ఓడల్లో కొన్నింటికి డెక్కు మీది చదరపు ద్వారాల మూలల నుంచే పగుళ్లు పుట్టాయి. 1954లో కామెట్ అనే జెట్ విమానాలు రెండు ఆకాశంలోనే ముక్కలైపోయాయి. పరిశోధిస్తే విమానం ఒంటికి కోసిన చదరపు కిటికీల మూలల దగ్గర లోహం అలసి పగిలిందని తేలింది. ఆ తర్వాత విమానాల కిటికీలకు మూలలు గుండ్రంగా మారాయి. ఈసారి విమానం ఎక్కినా, బొమ్మలో చూసినా కిటికీ మూలను గమనించండి.

బెజ్జం వేయడమూ ఒక విద్యే

కానపీ బుడగ తయారీదారు నుంచి వచ్చేటప్పుడు చుట్టూ అదనపు అంచుతో వస్తుంది. దాన్ని విమానానికి సరిపోయేలా కోసుకోవడం కట్టేవారి పని. కొన్ని విమానాల్లో ఒకే బుడగను రెండుగా కోసి, ముందు ముక్కను విండ్‌షీల్డుగా, వెనుక ముక్కను కానపీగా వాడతారు. పళ్లున్న రంపంతో కోస్తే పళ్లు పట్టుకుని పలకను చీలుస్తాయి. అందుకని వేగంగా తిరిగే రాపిడి చక్రంతో నెమ్మదిగా కోస్తారు. కోసిన అంచును గరుకు కాగితంతో రుద్ది, వేలితో తడిమితే ఎక్కడా తగలనంత నున్నగా చేస్తారు. గాటు కనిపిస్తే అక్కడ రేపటి పగులు పొంచి ఉన్నట్టే.

ఇంకో సంగతి. చలిలో అక్రిలిక్ పెళుసు బారుతుంది. చలిదేశాల్లో ఈ పనికి వేసవిదాకా ఆగుతారు, లేదా గదిలో హీటర్లు పెట్టుకుని చెమటలు కక్కుతూ కోస్తారు. మధురవాడలో కట్టేవారికి ఆ ఖర్చు లేదు!

బెజ్జం వేయడానికి ఇనుముకు వాడే మామూలు డ్రిల్లు ములికి పనికిరాదు. దాని పదునైన అంచు లోహంలోకి మరలా తొలుచుకుంటూ పోతుంది. అక్రిలిక్ విషయంలో అవతలి వైపుకు చేరగానే ఒక్క ఉదుటున పట్టి లాగి, పలకను పెళ్లుమనిపిస్తుంది. అందుకని ములికి పదునును కొంచెం మొండి చేసి, అది తొలుచుకుపోకుండా గీకేలా సానబెడతారు. పలక వెనుక చెక్క ఆనించి, నెమ్మదిగా, ఎక్కువ వేడి పుట్టకుండా తొలుస్తారు. ముందు పనికిరాని ముక్కల మీద పది బెజ్జాలు వేసి, చేయి కుదిరాకే అసలు కానపీని ముట్టుకుంటారు.

బిగించి, ఒక చుట్టు వదలాలి

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. అమెరికా విమానయాన శాఖ చిన్న విమానాల మరమ్మతుకు ఒక మార్గదర్శి ప్రచురించింది. ప్లాస్టిక్ అద్దంలో బోల్టు బెజ్జం బోల్టు కంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే సుమారు 3 మి.మీ. పెద్దదిగా ఉండాలని అందులో ఉంది. నట్టును బిగువుగా బిగించి, తర్వాత ఒక పూర్తి చుట్టు వెనక్కి తిప్పాలని కూడా ఉంది.

ఈ 3 మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? మన లెక్కనే చూడండి. కానపీకీ చట్రానికీ తేడా 2.8 మి.మీ. వచ్చింది. కానపీ మధ్యభాగం కదలకుండా ఉండి, రెండు కొసలూ లోపలికి జరిగాయనుకుంటే ఒక్కొక్క కొస జరిగేది 1.4 మి.మీ. బెజ్జం 3 మి.మీ. పెద్దదైతే, బోల్టు సరిగ్గా నడుమ ఉన్నప్పుడు చుట్టూ 1.5 మి.మీ. ఖాళీ ఉంటుంది. సరిగ్గా సరిపోయింది! మన ఊహావిమానానికి కూడా ఆ సలహా పనికొచ్చింది.

మరి వదులుగా ఉంటే గాలికి గడగడలాడదా? అందుకే బోల్టు చుట్టూ మెత్తని గొట్టం ముక్క, కింద పైన రబ్బరు లేదా మెత్తని పట్టీ పెడతారు. పైన వెడల్పాటి వాషరు వస్తుంది. అక్రిలిక్ పైకి లేవలేదు, కాని పక్కకు జారగలదు. ఎటు కదలకూడదో అటు పట్టు ఉంటుంది, ఎటు కదలాలో అటు చోటు ఉంటుంది.

ఇంకో హెచ్చరిక కూడా ముఖ్యమైనదే. కానపీ వంపు చట్రం వంపుతో కలవకపోతే, చేత్తో అదిమిపట్టి బిగించేయకూడదు. అలా బలవంతంగా వంచి బిగించినది ఎగరకముందే లోపల ప్రతిబలాన్ని మోస్తూ ఉంటుంది. చట్రాన్నయినా సరిచేయాలి, అక్రిలిక్‌నైనా మళ్లీ రుద్ది సరిపెట్టాలి.

బెజ్జమే లేకపోతే?

బెజ్జం వల్లే ఇన్ని తిప్పలైతే బెజ్జమే లేకుండా అంటించవచ్చు కదా? ఇలా ఆలోచించినవారూ ఉన్నారు. కార్ల, బస్సుల ముందు అద్దాలను ఇప్పుడు రబ్బరులా సాగే పాలీయురిథేన్ జిగురుతో అంటిస్తారు. చాలామంది ఇంటి విమానాల కానపీలకు అదే రకం జిగురు వాడుతున్నారు.

ఇక్కడా ఒక లెక్క ఉంది. కొస 1.4 మి.మీ. జరుగుతుంది. జిగురు పొర కాగితంలా 0.1 మి.మీ. మందమే ఉంటే, తన మందానికి 14 రెట్లు పక్కకు సాగవలసి వస్తుంది. తెగిపోతుంది. అదే 3 మి.మీ. మందంగా పూస్తే తన మందంలో సగం కూడా సాగనక్కరలేదు. అందుకే అంటించేటప్పుడు అద్దానికీ చట్రానికీ మధ్య చిన్న చిన్న రబ్బరు దిమ్మలు పెట్టి, జిగురు పలచబడకుండా చూస్తారు. మామూలుగా 'జిగురు పలచగా పూయి, గట్టిగా నొక్కు' అంటాం. ఇక్కడ అంతా తిరగబడింది.

ఈ జిగురుకు ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడవు. కారు ముందు అద్దం అంచున నల్లటి పట్టీ, దాని పక్కన నల్లని చుక్కలు చూశారా? అవి అందానికి కాదు. జిగురు మీద ఎండ పడకుండా ఆ పట్టీ గొడుగు పడుతుంది. విమానాల్లోనూ ఆ అంచును రంగుతో కప్పుతారు.

అర మిల్లీమీటరు తెచ్చిన ముప్పు

'వదులుగా ఉంటేనే మంచిది' అని ఇంతసేపూ చెప్పుకున్నాం. అయితే ఏ బోల్టయినా వదులుగా ఉండవచ్చా? ఈ సంఘటన వినండి.

1990 జూన్ 10. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కు ఒక జెట్ విమానం బయలుదేరింది. అందులో 87 మంది ఉన్నారు. 17,300 అడుగుల ఎత్తుకు చేరేసరికి పెద్ద చప్పుడుతో కెప్టెన్ ఎదుటి విండ్‌షీల్డ్ ఊడి ఎగిరిపోయింది. లోపలి గాలి ఒక్కసారిగా బయటికి దూసుకుపోతూ కెప్టెన్ టిమ్ లాంకాస్టర్‌ను నడుము దాకా బయటికి లాగేసింది. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. సహ పైలట్ అలిస్టర్ అచిసన్ ఆ హోరుగాలిలోనే విమానాన్ని సౌతాంప్టన్‌లో క్షేమంగా దించాడు. అందరూ బతికారు. చనిపోయాడనుకున్న కెప్టెన్ కూడా బతికి, కొన్ని నెలలకు మళ్లీ విమానం నడిపాడు.

కారణం ఏమిటి? విమానం బయలుదేరడానికి 27 గంటల ముందు ఆ అద్దాన్ని కొత్తగా బిగించారు. బోల్టులు ఎంచేటప్పుడు జాబితాలో సంఖ్య చూడకుండా, పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చారు. 90 బోల్టులలో 84 బోల్టులు ఉండవలసిన దానికంటే 0.66 మి.మీ. సన్ననివి. మిగిలిన ఆరు పొట్టివి. నట్టు మరలలో అవి పట్టీపట్టనట్టు కూర్చున్నాయి. ఆ అద్దాన్ని బయటినుంచి అమర్చారు కనుక లోపలి గాలి పీడనమంతా బోల్టుల మీదే పడింది. లోపలినుంచి అమర్చిన అద్దమైతే, సీసాకు లోపలినుంచి బిరడా పెట్టినట్టు, పీడనమే దాన్ని చట్రానికి అదిమి ఉంచేది.

రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అక్రిలిక్ బెజ్జంలో బోల్టు వదులుగా ఉండాలి. నట్టు మరలో బోల్టు బిగువుగా ఉండాలి. మొదటి చోట బిగువు తప్పు, రెండో చోట వదులు తప్పు. ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టాలో తెలియడమే అమర్చేవారి నేర్పు. ఆ తెలివి కంటి చూపుతో రాదు, కొలిస్తే వస్తుంది.

కనిపించని శత్రువులు

బాగా బిగించిన కానపీకి ఇంకా శత్రువులున్నారు. పెట్రోలు, అసిటోన్, రంగులో కలిపే థిన్నరు, అమోనియా కలిసిన అద్దాల ద్రవాలు అక్రిలిక్‌కు పడవు. ప్రతిబలంలో ఉన్నచోట ఇవి తగిలితే వెంట్రుకల్లాంటి వేల పగుళ్లు మెరుస్తూ కనిపిస్తాయి. మామూలు వెలుగులో అంతగా తెలియవు. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా విమానం దించేటప్పుడు మాత్రం ఒక్కసారిగా అద్దమంతా తెల్లగా మెరిసి, ఎదుటి రన్‌వే కనబడకుండా పోతుంది. 

సముద్రం పక్కన ఉన్న మన ఊళ్లో ఇసుక, ఉప్పు ధూళి అదనం. పొడిగుడ్డతో తుడిస్తే ఇసుక గరుకు కాగితంలా పనిచేస్తుంది. ముందు బోలెడు నీళ్లు పోసి కడిగి, తర్వాత మెత్తని గుడ్డతో అద్దాలి. చిన్న పగులు కనిపిస్తే, తాత్కాలికంగా పగులు కొసన చిన్న గుండ్రని బెజ్జం వేస్తారు. పదునైన కొస గుండ్రంగా మారగానే అక్కడ పోగుపడిన ప్రతిబలం తగ్గి, పగులు ఆగుతుంది. పగులును పుట్టించే బెజ్జమే పగులును ఆపుతుంది కూడా!

కానపీ నుంచి కంటికి

చివరగా ఒక మంచి మాట. రెండవ ప్రపంచయుద్ధంలో ఇంగ్లండు యుద్ధవిమానాల కానపీలు తూటాలకు పగిలి, అక్రిలిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్లలో దిగాయి. 1940 ఆగస్టులో అలా గాయపడినవారిలో గోర్డన్ క్లీవర్ ఒకరు. మామూలుగా కంటిలో ఏదైనా పడితే కన్ను ఎర్రబడి, వాచి, చీము పడుతుంది. కాని ఈ ముక్కలు కంటిలో ఏళ్ల తరబడి ఉన్నా కన్ను వాటిని ఊరక ఓర్చుకుంది. హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు ఇది గమనించాడు. అయితే శుక్లం తీసేశాక కంటిలో అక్రిలిక్ కటకమే పెడితే? 1949 నవంబరు 29న లండన్‌లో ఆయన ఆ పని చేశాడు. అప్పుడు చాలామంది డాక్టర్లు ఆయనను తప్పుపట్టారు. ఈనాడు అది ప్రపంచమంతటా రోజూ జరిగే ఆపరేషన్.

మధురవాడ నుంచి ఊళ్లోకి పోయే దారిలో హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కనిపిస్తుంది. మీ తాతగారికో, అమ్మమ్మగారికో ఎక్కడైనా శుక్లం తీసి కటకం పెట్టి ఉంటే, అది కానపీకి చుట్టమే అయి ఉండవచ్చు. ఇప్పుడు మడతపెట్టడానికి వీలైన మెత్తని అక్రిలిక్ కటకాలు కూడా వచ్చాయి.

మీరే చేసి చూడండి

1. రెండు చెక్క స్కేళ్ల మధ్య మందపాటి రబ్బరు పెట్టి పై స్కేలును పక్కకు జరపండి. రబ్బరు ఒరిగి, స్కేలును కదలనిస్తుంది. ఇప్పుడు రబ్బరు బదులు సన్నని కాగితాన్ని రెండు వైపులా జిగురుతో అంటించి, ఆరాక జరపండి. కాగితం కదలనివ్వదు, బలం పెడితే చిరుగుతుంది. జిగురు మందం లెక్క ఇదే.

2. కంప్యూటరు తెరను తెల్లగా ఉంచి, దాని ముందు పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు పట్టుకోండి. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలలోంచి, తల కొంచెం అటూ ఇటూ వంచుతూ చూడండి. స్కేలులో ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. ప్రతిబలం దాగి ఉన్న చోట రంగులు దగ్గర దగ్గరగా గుంపు కడతాయి. స్కేలు చివర ఉన్న బెజ్జం చుట్టూ ఏం కనిపిస్తుందో చూడండి. ఇంజనీర్లు కూడా ఇలాగే ప్రతిబలాన్ని కంటితో చూసి చదువుతారు.

3. బీచ్ రోడ్డులో టి.యు.-142 విమానం మ్యూజియంగా ఉంది. నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసి 2017లో విశ్రాంతి తీసుకున్న విమానమిది. ఈసారి వెళ్లినప్పుడు రెక్కల పొడవు చూసి వచ్చేయకండి. అద్దాలను చట్రాలలో ఎలా అమర్చారో, మూలలు ఎలా ఉన్నాయో చూసి, ఒక బొమ్మ గీసుకు రండి.

ఒక లెక్క: మధురవాడలో ఒక దుకాణం మీద 2 మీటర్ల అక్రిలిక్ బోర్డును ఉక్కు చట్రానికి రెండు కొసలా, నడుమా బోల్టులతో బిగించాలి. తెల్లవారుజామున 20 డిగ్రీలు, మధ్యాహ్నం ఎండలో 60 డిగ్రీలు. నడిమి బోల్టును బిగువుగా ఉంచి, కొసల బెజ్జాలను బోల్టు కంటే ఎంత పెద్దవిగా చేయాలి? జవాబు చూడకముందు మీరే వేయండి.

జవాబు: అక్రిలిక్ 5.6 మి.మీ. పెరుగుతుంది, ఉక్కు 0.96 మి.మీ. పెరుగుతుంది. తేడా 4.64 మి.మీ. ఒక్కొక్క కొసకు 2.32 మి.మీ. బోల్టు బెజ్జం నడుమ ఉంటే చుట్టూ అంత ఖాళీ కావాలి. అంటే బెజ్జం వ్యాసం బోల్టు వ్యాసం కంటే కనీసం 4.64 మి.మీ., చేతి పని కనుక 5 మి.మీ. ఎక్కువ ఉంచండి. ఆ బోర్డు చేసే అన్నయ్యకు ఈ లెక్క చూపించి, ఆయన ఏమంటాడో అడగండి. లెక్క వేయకపోయినా, అనుభవం మీద ఆయన ఈ సంగతి ముందే కనిపెట్టి ఉండవచ్చు!